బొత్తాలమ్మ చందమామ

ఆవిడ అసలు పేరు అందరూ మరిచిపోయారు. బొత్తాలమ్మ అంటేనే పలుకుతుంది. దేవత పేరులా ఉందని దణ్ణం పెట్టకండి, కోపమొస్తే శాపాలు మాత్రం దేవతలాగే పెడుతుంది. బతుకంతా కుట్టుమిషను తొక్కింది. చూపు మందగించాక మిషను వదిలింది గానీ ఆ సామాను వదల్లేదు. అత్తగారి నాటి రేకు పెట్టెలో చెక్క దారపు రీళ్లు, ఇత్తడి వేలితొడుగులు, తుప్పుపట్టిన కొక్కేలు, రంగురంగుల బొత్తాలు. అవి చాలవన్నట్టు రోడ్డు మీద దొరికిన తాళంచెవులూ, సైకిల్ బెల్లు మూతలూ, ఆగిపోయిన గడియారాల చక్రాలూ ఏరుకొస్తుంది. గుడ్డ తొడిగిన పలక మీద అన్నిటినీ అతికించీ కుట్టీ బొమ్మలు కడుతుంది. రీళ్లు ఇళ్లవుతాయి, జిప్పు రైలుపట్టా అవుతుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

అత్తగారు నేర్పిన నియమం ఒకటుంది. సూది విరిగితే, ముక్కలన్నీ దొరికేదాకా మరో కుట్టు వేయకూడదు. ఏ బట్టలో దాక్కుని ఎవరి ఒంట్లో దిగుతుందో ఎవరికి తెలుసు? అందుకే నేలంతా వెతకడానికి మెరిసే గుండ్రటి అయస్కాంతం ఒకటి పెట్టెలో ఉండేది. దొరికిన ముక్కలు గాజు సీసాలోకి పోయేవి. ఇన్నేళ్లూ దాచిన ఆ ముక్కలే ఇప్పుడు కొత్త బొమ్మలో వాన చినుకులు.

“అమ్మా, బుజ్జిది పాకుతోంది. ఆ పని మేడ మీద చేసుకో,” అని కూతురు చెవినిల్లు కట్టుకుని పోరింది. వింటేగా! మేడ మీద వెలుతురు చాలదట.

ఆ మధ్యాహ్నం మనవరాలు లోపలి గదిలో నిద్రపోతోంది. బొత్తాలమ్మ కిటికీ పక్కన నేల మీద కూర్చుని చినుకులన్నీ అతికించింది. చివరి చినుకు, ఒక సూదిమొన, గుడ్డ మీద పెట్టి, ముందు చందమామ సంగతి తేల్చేద్దామనుకుంది. వానలో చందమామ ఏమిటని అడగకండి, నా ఆకాశం నా ఇష్టం అంటుంది. చందమామ పని పూర్తి చేసి, జిగురు చేతులు కడుక్కుని వచ్చేసరికి పిల్ల పలక దగ్గర కూర్చుని ఉంది. వేళ్లు నోట్లో ఉన్నాయి. చివరి చినుకు లేదు.

బొత్తాలమ్మ ఒక్క గంతులో పిల్లని చేరింది. పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది. చిగుళ్లు, నాలుక, చొంగ, అంతే. గుప్పిళ్లు విప్పింది, గౌను దులిపింది. నేలంతా అరచేతులతో తడిమింది, గుచ్చుకుంటే బాగుండునని. ఏదీ గుచ్చుకోలేదు.

కూతురు వెనక వరండాలో బట్టలు ఆరేస్తోంది. పిలిస్తే? ఇక జన్మలో పిల్లని చేతికివ్వదు. పిలవకపోతే? ఆ రెండో ఆలోచన పూర్తిగా రాకముందే పిల్ల దగ్గింది. ఎప్పుడూ దగ్గే దగ్గే. కానీ బొత్తాలమ్మ ఇక ఆగలేకపోయింది.

“ఒసేయ్, ఇలా రా,” అంది. వరండాదాకా వినబడలేదు. మళ్లీ అరిచింది. “పిల్ల సూది మింగిందే.”

తడిచేతులతో పరిగెత్తుకొచ్చిన కూతురు తిట్టలేదు. దాంతో బొత్తాలమ్మకు మరీ భయమేసింది. పిల్లని చంకనేసుకుని, “అయస్కాంతం ఏది? నేల ఒక్కసారి చూసి ఆసుపత్రికి పోదాం,” అంది.

బొత్తాలమ్మ పలక వైపు చూసింది. “చందమామ చేశానే.”

“ఏం చేశావూ?”

“అతికించేశాను.”

కూతురు ఒక్క క్షణం తల్లిని చూసింది. ఆ చూపు పగవాళ్లకి కూడా వద్దు. బొత్తాలమ్మ పెద్ద కత్తెర తీసి, మొన చందమామ కిందికి దోపి, బలమంతా పెట్టి పెకలించింది. నెలల తరబడి కుట్టిన ఆకాశం పర్రున చిరిగింది. వెనక జిగురుకు చిరిగిన గుడ్డముక్క అంటుకుని వచ్చింది. గోటితో దాన్ని గీకుతుంటే చురుక్కుమంది. వేలు చివర రక్తం. గుడ్డ కిందే, అయస్కాంతానికి కరుచుకుని, సూదిమొన.

అద్దేటప్పుడే చందమామ చినుకును లాగేసుకుంది.

“దొరికిందే,” అంది. కూతురు గోడకు చేరగిలి, పిల్లని గుండెకు అదుముకుని భోరుమంది. ఉలిక్కిపడి పిల్లా ఏడ్చింది. బొత్తాలమ్మకు మాత్రం ఏడుపు రాలేదు.

ఆ పలక ఇప్పటికీ గోడ మీదుంది, చిరుగుతో సహా. చందమామేదీ అని ఎవరైనా అడిగితే “అమావాస్య” అంటుంది. చందమామ ఆవిడ మెళ్లో, కొలతల టేపుకు వేలాడుతోంది. పెట్టె మేడ మీదికి వెళ్లిపోయింది. మనవరాలు చేతులు చాస్తూ పాక్కుంటూ వస్తే, బొత్తాలమ్మ ముందు తన కొంగూ ఒడీ చేతులూ అయస్కాంతంతో తడుముకుంటుంది. ఏదీ అంటుకోదు. అయినా ఇంకోసారి తడుముకుని గానీ పిల్లని ఎత్తుకోదు.