అన్నిటికీ అవునన్న పిల్ల

ఇంట్లో ఆమెను అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. అటకమీది డబ్బాలను స్టూలు ఎక్కకుండానే దింపేస్తుందని అక్క పెట్టిన పేరది. పళ్ళసెట్లు తయారుచేసే చదువు కోసం పరాయి దేశం వచ్చాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. పగలంతా ల్యాబులో మైనంతో దవడపళ్ళు చెక్కడం, సాయంత్రం గోళ్ళ సందుల్లోంచి ఆ మైనం గీక్కోవడం. చేతిపనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా అక్కడి భాషతోనే. తరగతిలో చెప్పే పాఠం బాగానే బోధపడేది కానీ, వీధిలో జనం గబగబా మాట్లాడితే సగం మాటలు అందేవి కావు. మళ్ళీ చెప్పమనడానికి మొహమాటం. అందుకని ఎవరేమడిగినా నవ్వి అవుననడం అలవాటు చేసుకుంది. ఆ అలవాటు వల్ల ఒకసారి కూరగాయల కొట్టులో బస్తాడు ఉల్లిపాయలు నెత్తిన పడ్డాయి. ఇంకోసారి ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇల్లు మారుతుంటే మంచం మోయాల్సి వచ్చింది.

అక్క ఫోనులో ఈ ముచ్చట్లు విని పడీపడీ నవ్వేది. "ఎవడో వచ్చి పెళ్ళి చేసుకుంటావా అంటాడు, దానికీ తలూపేస్తావు చూడవే!"

చలికాలంలో ఒక సెలవునాడు నిచ్చెన ఒంటరిగా చిత్రాల మ్యూజియం చూడబోయింది. పాలిపోయిన మొహాల రాజుల బొమ్మలనూ, పండ్ల బుట్టల బొమ్మలనూ దాటుకుంటూ చిట్టచివరి గదికి చేరింది. గోడంతా ఆక్రమించిన ఒకే ఒక్క చిత్రం ఉందక్కడ. మసక వెలుతురులో సముద్రం. పసుపు గౌను వేసుకున్న ఒక పిల్ల వీపు ఇటు పెట్టి నీళ్ళలోకి నడిచిపోతోంది. నడుము దిగిన జడ. మొహం కనబడదు. కాసేపు చూస్తే ఇప్పుడే వెనక్కి తిరుగుతుందేమో అనిపించి, నిచ్చెన కదలకుండా నిలబడిపోయింది.

"వచ్చావా?" అన్నది వెనకనుంచి ఒక గొంతు.

బల్లమీద బూడిదరంగు కోటు వేసుకున్న ముసలావిడ కూర్చుని ఉంది. ఆ ఒక్క మాటే అర్థమైంది. వచ్చాను కదా అనుకుని నిచ్చెన అవునంది. ఆవిడ లేచి దగ్గరికొచ్చి ఇంకేదో అడిగింది. ఆ మాటల్లో 'జడ', 'తడి' మాత్రం తెలిశాయి. నిచ్చెన మళ్ళీ నవ్వి అవునంది. ముసలావిడ చేతిరుమాలు తీసి, ఆమె జడకొనను అందులో చుట్టి, నీళ్ళు కారుతున్నట్టు మెల్లగా పిండింది. బయట వాన లేదు. జడ పొడిగానే ఉంది.

నిచ్చెనకు ఒళ్ళు జలదరించింది. కానీ పెద్దావిడ, ఏమని కసురుకుంటుంది? ఆవిడ మరో మాట అడిగింది, నిచ్చెన తలూపింది, ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. గుమ్మం దగ్గర కాపలా ఆయన ఆవిడను చూసి ఆప్యాయంగా పలకరించాడు. తెలిసినావిడే కదా అని నిచ్చెన మనసు కుదుటపడింది.

రెండు సందులు తిరిగితే సముద్రం. చలికి దుకాణాలు మూసేశారు, ఒడ్డున నరపురుగు లేదు. గట్టుమీద కూర్చోబెట్టి ముసలావిడ సంచి తెరిచింది. తువ్వాలు, ఆడపిల్ల మేజోళ్ళు, దువ్వెన. అన్నీ కొత్తవి, అట్టలు కూడా ఊడదీయనివి. ఆవిడ జడ విప్పి దువ్వుతుంటే నిచ్చెనకు కళ్ళు మూతలు పడ్డాయి. ఈ దేశం వచ్చాక ఒకరు తన తల ముట్టుకోవడం అదే మొదలు. భయం అలాగే ఉంది, హాయి కూడా అలాగే ఉంది. లేవబుద్ధి కాలేదు.

దువ్వడం అయ్యాక ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఈసారి ఒక్క మాట కూడా జారిపోలేదు.

"ఆ రోజు ఎంత పిలిచానో. ఒక్కసారైనా తిరిగి చూశావా? ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉన్నాను. ఈసారి నిన్ను ఒక్కదాన్నే పంపను. నేనూ వస్తాను."

లేపి నడిపించింది. ఇసుక దాటి తడి ఇసుక, ఆ తర్వాత నీళ్ళు. బూట్లలోకి చలి సూదుల్లా దిగింది. ముసలి చెయ్యి కదా అని లాక్కోబోతే రాలేదు, ఉడుంపట్టు. అల వచ్చి మోకాళ్ళను కొట్టింది. ఆవిడ నవ్వుతోంది. ఆ దేశపు భాషలో 'కాదు' అన్న మాట ఎంత వెతుక్కున్నా నిచ్చెన నోటికి రాలేదు.

"వద్దు! నేను రాను! నన్నొదులు!" అని తెలుగులో గొంతు చించుకుని అరిచింది.

ముసలావిడ ఆగిపోయింది. తెలియని భాష విని, అప్పుడే చూస్తున్నట్టు ఆమె మొహంలోకి చూసింది. పట్టు వదిలింది. ఆవిడ కళ్ళలో బెదురు.

"నువ్వెవరు? నన్నెందుకు ఇక్కడికి తీసుకొచ్చావు?"

ఆవిడ వణకడం చూసి నిచ్చెన భుజం చుట్టూ చెయ్యేసి ఒడ్డుకు నడిపించుకొచ్చింది. అప్పటికి కాపలా ఆయన రొప్పుతూ ఇసుకలో పరుగెత్తుకొస్తున్నాడు. ఇంటివైపు కాక సముద్రంవైపు మళ్ళారని కిటికీలోంచి చూశాడట. ఇద్దరూ ఆ కొత్త తువ్వాలుతో ఆవిడ పాదాలు తుడిచారు.

"కూతురు ఇక్కడే పోయిందా?" నిచ్చెన కూడబలుక్కుని అడిగింది.

"కూతురేమిటమ్మా, ఆవిడకు పెళ్ళే కాలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ గదికి కాపలా. పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా ఆ బొమ్మ ఎదురుగానే కూర్చునేది. రిటైరయ్యాక కూడా రావడం మానలేదు. మేమూ పాపం అని రానిచ్చాం."

ఆ రాత్రి ఫోనులో అక్క ఈసారి నవ్వలేదు. "చెయ్యి విదిలించుకుని పారిపోక జడ వేయించుకుంటూ కూర్చున్నావా? నీకేమైనా మతిపోయిందా?" అని కేకలేసింది. తనను భయపెట్టింది ఆ పట్టు కాదని నిచ్చెన అక్కకు చెప్పలేకపోయింది. 'నువ్వెవరు' అని ఆవిడ అడిగినప్పుడు, అమ్మే తనను గుర్తుపట్టనట్టు గుండె కలుక్కుమంది. ఆ సంగతే ఆమెను నిద్రపోనివ్వలేదు.

చలి తగ్గాక ఒకరోజు మ్యూజియం ముందునుంచి పోతూ కాపలా ఆయనను పలకరించింది. ముసలావిడను తమ్ముడొచ్చి వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడని చెప్పాడాయన. ఆ చుట్టుపక్కల చెరువు కూడా లేదట.

"బాగున్నారా మరి?"

"బాగానే తింటోందట. కాకపోతే పొద్దుగూకగానే కిటికీ దగ్గరికెళ్ళి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడుగుతుందట. ఇంకా రాలేదులే అక్కా అని తమ్ముడు చెబితే అప్పుడు పడుకుంటుందట."

లోపలికి వెళ్ళి ఆ బొమ్మ చూసి రమ్మన్నాడాయన. నిచ్చెన వద్దంది, వాళ్ళ భాషలోనే.