గునపం తాత చెవులు

యువరాజు నిప్పు రాకాసిని చంపిన కథను పాట కట్టి మూడు రోజులు పాడతారు. అందులో గునపం తాతకు దక్కింది ఒకే ఒక్క చరణం. పాము చెవులున్న ముసలి వీరుడట! పాటలు కట్టేవాళ్ళకేం, నోటికొచ్చింది కట్టేస్తారు. ఆ ప్రయాణం నాటికి ఆయనకు చెవుడు పూర్తిగా ముదిరిపోయింది.

కొండ కింది సొరంగంలో జనానికి దారి చూపించడం ఆయన వృత్తి. యాభై ఏళ్ళలో ఒక్క ప్రాణాన్నీ పోగొట్టలేదు. అడుగు వేసే ముందు గునపంతో పైకప్పును తట్టి వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, డొల్ల రాయి మూలుగుతుంది. దారి చూపేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. రాయిని విని చెప్పిన మనిషే, చివరివాడు దాటేదాకా దాని కింద నిలబడాలి. తప్పు చెబితే ముందు చచ్చేది చెప్పినవాడే.

డెబ్బై రెండో ఏట ఎడమ చెవి పోయింది, ఆ ప్రయాణానికి ఏడాది ముందు కుడిది కూడా పోయింది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. యువరాజు నలుగురు సైనికులతో గుమ్మంలోకి వచ్చి సొరంగం దాటించమని అడిగినప్పుడు, పెదవుల కదలిక చూసి గంభీరంగా తల ఊపేశాడు.

వాళ్ళు వీధి మలుపు తిరగగానే అవ్వ ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి, తన మొహం కనపడేలా ఎదురుగా నిలబడింది.

"ఇది ఆరుగురి ప్రాణాలతో పని. నిజం చెప్పేయండి."

"ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న పేరు నాది. ఇప్పుడు చెవిటి ముసలాడని అనిపించుకోమంటావా?"

అవ్వ అటక మీది సంచి దించింది. "అయితే నేనూ వస్తా. మీ శాలువా ఒకసారి లాగితే గట్టి రాయి. రెండుసార్లు లాగితే డొల్ల."

ఆమె వంట లేనిదే తనకు అడుగు పడదని తాత యువరాజుతో చెప్పాడు. యువరాజు ముసిముసిగా నవ్వి ఊరుకున్నాడు.

పదకొండు రాళ్ళ దగ్గర ఆమె వెనక నుంచి ఆయన శాలువాను ఒక్కసారే లాగింది. "గట్టిదే, రండి" అని తాత దర్జాగా పిలిచాడు. పన్నెండోది గదంత వెడల్పున్న కప్పు. దాని దగ్గరికి వచ్చేసరికి వెనక రాతి చీలికల్లోంచి రాకాసి పొగ తరుముకొస్తోంది. తట్టాడు. శాలువా ఒకసారి కదిలింది. వెంటనే రెండోసారి.

తాత వెనక్కి తిరిగి అందరినీ ఆపాడు.

"డొల్ల రాయి బాబూ. వెనక్కి పోలేం. చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరే దాటండి. కింద నేనుంటా."

గునపం మొనను కప్పుకు ఆనించి నడుమ నిలబడ్డాడు. సైనికులు ఊపిరి బిగబట్టి దాటారు. ఆ తర్వాత యువరాజు దాటాడు. నువ్వూ వెళ్ళమని తాత సైగ చేశాడు. అవ్వ కదలలేదు. ఆయన పక్కకు వచ్చి, దీపం ఎత్తి పట్టుకుని, యువరాజుతో మాట్లాడింది. ఆ వెలుగులో ఆమె పెదవులను తాత ఒక్కో మాటా చదివాడు.

"విన్నది నేను. ఆయనకి ఏడాదిగా ఏమీ వినపడదు. కట్టుబాటు ప్రకారం నిలబడాల్సింది నేనే. ఆయన్ని తీసుకుపోండి."

యువరాజు మొహం పాలిపోయింది. అవతలి సైనికులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యాభై ఏళ్ళ పేరు ఆ ఒక్క మాటతో మట్టిలో కలిసింది. కానీ తాతకు దాని ధ్యాసే లేదు. ఆమె నెరిసిన తల, దాని పైన ఆ రాయి, ఆయనకు కనపడ్డవి ఆ రెండే. నా పరువు కోసం దీన్ని ఇక్కడిదాకా తెచ్చానే అనుకున్నాడు.

యువరాజు వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. అప్పుడే తాత అరచేతిలో గునపం సన్నగా అదిరింది. అవ్వ చెవులు రిక్కించి వింటూనే ఉంది, కానీ ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. రాయి ఇంకా చప్పుడు చెయ్యలేదు. తాత గునపం వదిలేసి ఆమె కొంగును రెండుసార్లు లాగాడు. మరుక్షణం ఆమెనీ యువరాజునీ తోసుకుంటూ అవతలికి పడ్డాడు.

కప్పు కూలడం ఆయనకు వినపడలేదు, ఒంటికి తెలిసింది.

దుమ్ము తగ్గాక యువరాజు ఆయనకు ఎదురుగా వచ్చి కూర్చుని, నిదానంగా అడిగాడు. "ఇంకా ఎన్ని రాళ్ళున్నాయి తాతా?"

"ఎనిమిది. ఇక దాపరికం లేదు బాబూ. నేను చెవిటివాణ్ణి. ఆవిడ వింటుంది, నేను చేత్తో పట్టి చూస్తా. కింద ఇద్దరం నిలబడతాం."

రాళ్ళ కింద పోయిన గునపానికి బదులు యువరాజు తన ఈటెను ఆయన చేతికిచ్చాడు. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భార్య వైపు తిరిగాడు.

"నా పరువంతా తీసేశావు కదే. ఇంకేం మిగిలింది నాకు?"

అవ్వ దుమ్ము కొట్టుకుపోయిన ఆయన శాలువా కొస పట్టుకుని ఒక్కసారి లాగింది.