కింది ఊరికి ఫోన్ చేశావా?

మేడమ్ పోయిన రోజే ఆవిడ పాఠాన్ని పూడ్చిపెట్టింది మీరే, ఆవిడ పాత విద్యార్థులే. ఫోన్లలో నమస్కారాల బొమ్మలు కుప్పపోసి మరీ పూడ్చారు.

మొన్న మంగళవారం ఉదయం రాజమండ్రిలో ఆవిడ కన్నుమూశారని మన వాట్సాప్ గ్రూపులో పడింది. మనందరికీ ప్రజారోగ్యం నేర్పిన మనిషి. డెల్టాలో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆవిడ దగ్గర చదివిన నర్సో, డాక్టరో, హెల్త్ ఇన్‌స్పెక్టరో కనబడతారు.

మొదటి రోజు క్లాసులో మమ్మల్ని ఊళ్ల వరసలో కూర్చోబెట్టారు. ధవళేశ్వరం వైపువాళ్లు ముందు, సముద్రం వైపువాళ్లు వెనక. ఒక గ్లాసు నీళ్లిచ్చి, అందరూ వేలు ముంచి వెనక్కి పంపమన్నారు. చివరి బెంచీలో ఉన్నది నేను.

"తాగవయ్యా."

"ఎలా తాగుతానండీ, ఇంతమంది వేళ్లు పెట్టాక?"

"మీ ఊళ్లో తాగుతున్నది అవేగా."

ఉద్యోగాల్లో చేరాక కూడా ఆవిడ మనల్ని బ్యాచ్‌ల వారీగా గుర్తుపెట్టుకోలేదు. ఏ కాలువ మీద ఎవరు పైన, ఎవరు కింద, అదే లెక్క. ఆదివారం ఉదయం ఫోన్ చేసేవారు. కుశలప్రశ్నలుండేవి కావు. "మీ దగ్గర విరేచనాలంటగా. కింది ఊరికి ఫోన్ చేశావా?"

"రిపోర్టు పంపానండి. ఆ ఊరు ఇప్పుడు వేరే జిల్లాలోకి వెళ్లిపోయిందండి," అన్నాను ఒకసారి.

"రిపోర్టు పైకెళ్తుందయ్యా, నీళ్లు కిందికెళ్తాయి. జిల్లా మారిందని కాలువకి నువ్వు చెప్పావా ఏంటి? ముందు ఈ ఫోన్ పెట్టేసి వాళ్లకి చెయ్యి."

విసుక్కుంటూనే చేసేవాణ్ణి. వాళ్లు మంచినీళ్ల చెరువుకి కాలువ నీళ్లు పెట్టడం ఆపేవారు. పాత విద్యార్థుల సంఘమంటే ఆవిడకి అదీ. మీకేమో శాలువాలు, గ్రూపు ఫొటో, బఫే.

ఆ మంగళవారం మధ్యాహ్నమే పై ఊళ్లో పనిచేసే జూనియర్ ఒకడు గ్రూపులో రాశాడు: మా దగ్గర విరేచనాల కేసులు, కాలువ నీళ్లతో జాగ్రత్త. దాని మీద మీ నమస్కారాలు వచ్చిపడ్డాయి, అది నాకూ కనబడలేదు. శుక్రవారం కింది ఊరి నర్సు నాకు ఫోన్ చేసింది.

"అన్నయ్య గారండీ, పైన ఏమన్నా కేసులున్నాయాండీ? బుధవారం చెరువు నింపేశారు. పిల్లలకి సెలైన్లు పెడుతున్నాను, మంచాలు చాలట్లేదు."

పై ఊరివాణ్ణి నిలదీశాను.

"గ్రూపులో ఒకసారి పెట్టానండి. మేడమ్ పోయిన రోజున విరేచనాల గురించి మళ్లీ మళ్లీ పెడితే బాగోదని ఊరుకున్నానండి."

మర్యాదట. ఆ మర్యాద ఆవిడ చెవిన పడుంటే మనలో ఒక్కరం మిగిలేవాళ్లం కాదు. పిల్లలు బతికారు. అందుకే మీకు ఇది వార్త కాలేదు.

నేను అడిగేవి ఇవి:

సంస్మరణ సభ మానుకోండి.

గ్రూపును కాలువల వారీగా విడగొట్టండి.

నమస్కారాలు, పుట్టినరోజులు వేరే చోట పెట్టుకోండి.

కేసు కనబడితే మెసేజ్ చాలదు, ఫోన్ చెయ్యండి. కిందివాళ్లు ఎత్తేదాకా చెయ్యండి.

ఆవిడ నంబరు తీసెయ్యకండి, విడగొట్టిన ప్రతి గ్రూపులోనూ ఉంచండి. గ్రూపులో అందరి ఫోన్లకీ చేరితేనే రెండో టిక్కు; ఆ ఫోన్ ఆగిపోయింది కాబట్టి ఇక మనం ఏం రాసినా అది పడదు. పడకపోతే పోనివ్వండి. ఆ ఒక్క టిక్కు కనబడినప్పుడల్లా, కింది ఊరికి చేరిందో లేదో కనుక్కోండి.