ఒక్కరికే సరిపోయే దుకాణం

మా ఆయన నూరుల్లాకు ఒక జబ్బు ఉండేది. ఎవరు కనబడినా, "బజారంతా ఎతికినా నీకు దొరకనిదేంది?" అని అడగడం. పొద్దున్నే నమాజు ముగించుకొచ్చి గడప మీద కూర్చునేవాడు. నేను టీ గ్లాసు చేతికిచ్చేలోపే పాలు పోసే చిన్నసుబ్బమ్మతో బోణీ అయిపోయేది. ఇప్పుడు గడప మీద ఎవరూ లేరు. చిన్నసుబ్బమ్మ గిన్నెలో పాలు పోసి, ఎవరో అడుగుతారన్నట్టు కాసేపు నిలబడి, క్యాను ఎత్తుకుని వెళ్లిపోతుంది.

ఆ జబ్బు ఆయనకు ఫోనులోంచి అంటుకుంది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, ఇక పోనని, ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్ వ్యాపారం చేస్తానని అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? మా కాపురంలో సగం నేను ఫోనుతోనే చేశాను. కానీ మా అన్న వీసా సిద్ధం చేసిపెట్టి, ఎలక్షన్లు ముగిసేలోపల వ్యాపారం నిలబడకపోతే విమానం ఎక్కాల్సిందేనని గడువు పెట్టాడు.

ఫోనులో ఒక హజ్రత్ ముస్లిం వ్యాపారులకు పాఠాలు చెప్పేవాడు. ముందు 'నిచ్' ఎంచుకోవాలట. అంటే మన సరుకు ఏ కొద్దిమంది కోసమో ముందే తేల్చుకోవడం. అత్తర్లు, ఖర్జూరాలు, బురఖాలు అందరూ అమ్ముతున్నారు, మీరు ఇంకా సన్నటి నిచ్ వెతుక్కోండి అన్నాడాయన. మా ఆయన గురువు మాట దాటే మనిషి కాదు. సన్నం చేసీ చేసీ ఒక్క మనిషి పట్టేంతకు తెచ్చాడు.

మొదటి నిచ్ మా ఇమాం సాబ్ తల. ఆ తలకు ప్రొద్దుటూరులో ఏ టోపీ దిగదు. నాతో కుండకు వాసెన కట్టినట్టు ఒక టోపీ కుట్టించి, 'పెద్ద తలల టోపీలు' అని ఫోనులో దుకాణం తెరిచాడు. ఇమాం సాబ్ పెట్టుకుని మురిసిపోయాడు. ఆ సాయంత్రమే మా ఆయన దుకాణం మూసేశాడు.

"ఈ నిచ్ అయిపోయింది జైబూ. అందరికీ అందింది."

"అందరూ అంటే ఎవరు?"

"ఇమాం సాబే."

తర్వాత చిన్నసుబ్బమ్మ పాదాలు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండు జతల చెప్పులు కొని, సరిపోయినవి ఆమెకిచ్చి, మిగిలిన రెంటికీ ఫోటో తీసి, సరిగ్గా దీనికి తిరగబడిన పాదాలవాళ్లు ఫోను చేయండి అని పెట్టాడు.

జవాబులు కూడా అట్లాగే వచ్చేవి. మా అమ్మ ఖాతూన్‌బీకి బజార్లో దొరకనిది పనికి పోయే అల్లుడట. జమ్మలమడుగు బస్టాండులో పోలీసాయన, సాక్షులు దొరకడం లేదన్నాడట. ఓట్లడగను వచ్చిన నాయకుడైతే, దుడ్లు తీసుకున్నాక తమకే ఓటేసే మనిషి దొరకలేదని నిట్టూర్చాడు. మా ఆయన ఆ పూటంతా ఆలోచించి, "అది మరీ సన్న నిచ్ జైబూ" అన్నాడు.

ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. అన్న ఫోన్లు ఎక్కువయ్యాయి. నేను అటక మీది సూట్‌కేసు దించి దుమ్ము దులిపాను.

అప్పుడే ఆయన పులివెందుల బస్సులో కుళ్లాయప్ప పక్కన కూర్చున్నాడు. ఫ్యాక్షన్ రోజుల్లో నాటుబాంబు పేలి కుడిచేయి పోయిన మనిషి. ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ప్రయాణం చేస్తారు. మా ఆయన కూర్చుని, అదే ప్రశ్న వేశాడు. 

"నా అంతకు నేను గుండీలు పెట్టుకునే చొక్కా" అన్నాడట కుళ్లాయప్ప, ఎర్రగుంట్ల దాటాక. "పొద్దున్నే కోడలి ముందర గొంతు పైకెత్తి నిలబడాలప్పా. ఆ పిల్ల ఏమీ అనదు. నాకే సిగ్గయితాది."

ఇంటికొచ్చి మా ఆయన కుడిచేయి నడుముకు కట్టించుకున్నాడు. ఎడమచేత్తో తినడం తప్పు కాబట్టి నన్నే తినిపించమన్నాడు. ఆ తినిపించడంలో ఏం తెలుసుకున్నాడో గానీ, పరీక్షను మర్నాటిదాకా పొడిగించాడు. ఆ తర్వాత నేను చొక్కా కుట్టాను. పైన గుండీలు చూపుకే. లోపల, బ్యాగులకు వేసే అంటుకునే పట్టీ. నొక్కితే మూసుకుంటుంది, లాగితే చర్రుమని ఊడివస్తుంది.

కుళ్లాయప్పకు చొక్కా అందగానే ఈ నిచ్ కూడా అయిపోయిందన్నాడు మా ఆయన. కాలేదు. ఫోన్లు మొదలయ్యాయి. చేతులు పోయినవాళ్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు మరి. ప్రతివాడూ గొంతు తగ్గించి, గుండీలు ఉత్తవని ఆ పక్కోళ్లకు తెలియనీయొద్దని మాట తీసుకునేవాడు. మా ఆయన అందరికీ మాట ఇచ్చేవాడు.

ఆ ఎలక్షన్లలో ఎవరు గెలిచారో నాకు పట్టలేదు. వీసా మాత్రం ఓడిపోయింది. సూట్‌కేసు మళ్లీ అటకెక్కింది. ఆయన నా కళ్లెదుటే ఉన్నాడు, పోయినేడు గుండె ఆగేదాకా.

మొన్న ఆయన ఏడాది ఫాతెహా ప్రార్థనకు కుళ్లాయప్ప వచ్చి వాకిట్లో బెంచీ మీద కూర్చున్నాడు. వెనకే అవతలి పక్షం వెంకటేశు వచ్చాడు. ఎడమచేయి లేదు. ఒకప్పుడు వీళ్లిద్దరూ ఎదురుపడితే వీధి తలుపులు మూసుకునేవి. ఉన్నది ఆ ఒక్క బెంచీయే. వెంకటేశు ఆ చివర కూర్చున్నాడు. నేను టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయాను.

ఎండ మండుతోంది. వెంకటేశు గాలి కోసం చొక్కా మెడ దగ్గర పట్టుకుని లాగాడు. చర్ర్.

కుళ్లాయప్ప తల తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన చొక్కా మీద చేయి వేశాడు. చర్ర్.

"నీకూ ఇచ్చినాడా?" అన్నాడు వెంకటేశు.

"నీకిచ్చినట్టు నాకు ఒక్క మాటన్నా చెప్పలా."

"నాకు మాత్రం చెప్పినాడా?"

 కుళ్లాయప్పే మళ్లీ అన్నాడు: "మనల్ని చూస్తే ఏ పక్క అని అడిగినోళ్లే గదప్పా అందరూ. నీకేం కావాలని ఆ సాయిబే అడిగె."

వెంకటేశు బెంచీ మధ్యకు జరిగాడు. మా ఆయన్ను కువైట్ పోనీయకుండా నా ఇంట్లో నిలిపిన చొక్కాలు పక్కపక్కన కూర్చున్నాయి.

కుళ్లాయప్ప పైగుండీ దారానికి వేలాడుతుంటే చూడలేక, టీ అక్కడ పెట్టి సూదీదారం తెచ్చాను.

"ఒక్క నిమిషం మామా, కుట్టేస్తా."

"వద్దులేమ్మా" అన్నాడు, పక్కాయన వైపు గడ్డం చూపిస్తూ. "ఇంగ ఎవురికి దాయాల?"

దారం ఎక్కించిన సూదిని పవిటకు గుచ్చుకుని, వాళ్లకు టీ ఇచ్చాను. గుండీ అట్లాగే ఊగుతోంది.