వంతెన మీద బైరాగి బూట్లు

మా బైరాగికి భయం. దేనికి అని అడిగితే సాయంత్రం దాకా చెప్పాలి. దేనికి భయం లేదో అడగండి, ఒక్క ముక్కలో తేలిపోతుంది: హార్మోనియానికి.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా తెలుగువాళ్ళ పద్యనాటకాల జట్టు ఉంది. అందులో ఆయనది పాతికేళ్ళుగా రాజు వేషం. కిరీటం పెట్టుకుని రాగం తీశాడంటే జనం "వన్స్ మోర్" అని అరిచి, పద్యం మళ్ళీ పాడించుకుని గాని వదలరు. ఆ జట్టుకి వంట చేసేదాన్ని నేనే, పట్టుచీరలు మడిచేదాన్ని నేనే, ఎవరు ఏం చేస్తున్నారో కనిపెట్టేదాన్నీ నేనే. ఆఖరి పని నాకెవరూ అప్పజెప్పలేదు.

ఏటా చలికాలంలో బస్సు కట్టుకుని ఊళ్ళు తిరుగుతాం. బస్సు కదిలిందో లేదో, డ్రైవరు వెనక సీట్లోంచి బైరాగి మొదలుపెడతాడు.

"దాదా, బ్రేక్ ఠీక్ ఆఛే తో?"

బ్రేకు బాగానే ఉందంటాడు డ్రైవరు. పది నిమిషాలకి మళ్ళీ అదే ప్రశ్న. ఒకసారి డ్రైవరు విసిగిపోయి, "దాదా, మీరే వచ్చి తొక్కి చూసుకోండి" అన్నాడు బెంగాలీలో. డ్రైవరు సీటు వదిలేస్తాడేమోనని బైరాగికి అదో కొత్త భయం.

గంగ మీది రెండో హుగ్లీ వంతెన ఎక్కగానే వంగి బూట్ల లేసులు విప్పేస్తాడు.

"ఎందుకు తమ్ముడూ?"

"బస్సు గంగలో పడితే ఈదొద్దేటి నరసమ్మక్కా?"

"నీకు ఈతొచ్చా?"

"రాదు."

"మరి?"

"బూట్లయినా గట్టెక్కుతాయి గదా!"

హాలుకి వెళ్తే ముందు నెత్తి మీద ఫ్యాను చూస్తాడు. అది ఎన్నేళ్ళదో, ఎవరు బిగించారో కనుక్కుని, దానికి రెండు గజాల అవతల నిలబడి పాడతాడు. సింహాసనం ఫ్యాను కిందే ఉంటే ఆ వేళ రాజుగారు నాటకమంతా నిలబడే రాజ్యం ఏలతారు.

ఈ ఏడు రాణి వేషానికి చిన్మయి వచ్చింది. న్యూ టౌన్‌లో ఉద్యోగం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. పద్యాలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టింది. మా వరండాలో పాడితే వీధంతా వినేది. ఖరగ్‌పూర్‌లో తెర లేచింది, పిల్ల నోరు తెరిచింది, ఒక్క అక్షరం రాలేదు. తెర పక్కనుంచి ప్రాంప్టరు కోదండం పద్యం అందించాడు. రెండోసారి అందించాడు. చివరికి తెర దించేశారు.

జట్టు పెద్ద శ్రీనివాస రావు గారు మంచివారే, కానీ మాట కత్తిరించినట్టుంటుంది. "ఆదివారం భవానీపూర్‌లోనూ ఇలాగే అయితే పద్యాలు రికార్డు చేసి వినిపిస్తాం. నువ్వు పెదాలు కదిపితే చాలు" అన్నారు.

"అలా అయితే నేనింక పాటే మానేస్తాను అత్తా" అంది చిన్మయి, బస్సులో నా భుజం మీద తల పెట్టి.

ఆదివారం భవానీపూర్‌లో తెర వెనక ఆ పిల్ల వణుకుతుంటే గాజులు గలగలమంటున్నాయి. అప్పుడు కిరీటంతో సహా బైరాగి వచ్చాడు, పిల్లకంటే ఎక్కువ వణుకుతూ.

"పాపా, నా కాళ్ళు సూడు! ఇయ్యాళ నాను పద్యం మర్సిపోడం కాయం. నాకేసే సూస్తుండు. నానాగిపోతే నువ్వెత్తుకో. నేదంటే నా పరువు గంగలో కలిసిపోద్ది."

"మీకా మామయ్యా? పాతికేళ్ళ నుంచి పాడుతున్నారు కదా!"

"పాతికేళ్ళ నుంచీ బయపడతన్నాను తల్లీ!"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. మంచినీళ్ళు తాగించింది. కిరీటం సరిచేసింది. "నేనున్నాను కదా" అంది. అయిపోయింది, ఒకరిని పట్టుకుని ఒకరు మునిగిపోతారు అనుకున్నాను నేను.

తెర లేచింది. బైరాగి రెండు పాదాలు పాడాడు. మూడో పాదం దగ్గర ఆగిపోయాడు. కోదండం అందించబోయాడు. బైరాగి చెయ్యి వీపు వెనక నుంచి "ఆగు" అని సైగ చేసింది. ఆ సైగ నేను చూశాను. అంతలో చిన్మయి మూడో పాదం ఎత్తుకుంది! నాలుగోదీ తనే అందుకుని రాగం పైకి లాగింది. రాజు పద్యం రాణి గొంతులో. "వన్స్ మోర్!" అని హాలు దద్దరిల్లింది. రెండోసారి మొత్తం తనే పాడింది, కళ్ళు కూడా మూసుకుని.

ఆ సైగ నాకు నిద్ర పట్టనివ్వలేదు. పొద్దున్నే బైరాగి భార్య అప్పలలక్ష్మి దగ్గర కూర్చున్నాను.

"మీ ఆయన పద్యం మర్చిపోయాడేటే?"

"మరవడమా! నిద్దట్లోనే పాడతాడు."

"ఫ్యానంటే అంత భయమేటి?"

ఆమె బియ్యం చేట పక్కన పెట్టి నవ్వింది. "ముప్పయ్యేళ్ళు కార్పొరేసన్లో నేల కింద మురుగు సొరంగాల్లోకి దిగినోడికి ఫ్యానంటే బయమేటి వదినా?"

ఆయన ఉద్యోగం నాకు తెలియనిది కాదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. వేళ్ళ మీద లెక్కపెట్టాను. తబలాకి కామేష్ కొత్తగా వచ్చిన ఏడు బైరాగికి ఒకటే భయం. జట్టులో కొత్తవాళ్ళెవరూ లేని ఏడు? వంతెన దాటిన దగ్గర్నుంచి టాటానగర్ దాకా గురకపెట్టాడు!

అంతకు ముందు ఏడు ఎవరు కొత్త? నేనే. మా ఆయన పోయిన ఏడు. వీధి దాటి ఎరగనిదాన్ని, గుండె గుప్పిట్లో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా బైరాగికి కొంగుతో విసురుతూ, లవంగం నమిలిస్తూ, ధైర్యం చెబుతూ కూర్చున్నాను. బస్సు దిగాక గుర్తొచ్చింది, నేను కూడా భయపడాల్సిందని.

పై వారం టాటానగర్ ప్రయాణం. వంతెన ఎక్కగానే బైరాగి వంగి లేసులు విప్పాడు. పక్కకి జరిగి చెవిలో చెప్పాను.

"చాలించు తమ్ముడూ. నాకంతా తెలిసిపోయింది."

ముందు సీట్లో చిన్మయి డ్రైవరుని అడుగుతోంది: "దాదా, బ్రేక్ ఠీక్ ఆఛే తో? మా మామయ్యకి భయం."

బైరాగి ముసిముసిగా నవ్వాడు. కిటికీలోంచి కిందకి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"మిగతాదంతా నాటకమే అక్కా. ఈ వంతెన మాత్రం..." అంటూ బూట్లు రెండూ విప్పి నా ఒళ్ళో పెట్టాడు. "కూసింత పట్టుకో."

పట్టుకున్నాను. ఎందుకైనా మంచిదని నా చెప్పులు కూడా విప్పేశాను.