మిలిటరీ సంచి మీద అద్దాల గుడ్డ

పాత మిలిటరీ సంచులు ఏరి తెచ్చి బాగుచేయడం నాకున్న పిచ్చి అని మీకు తెలుసు కదా. పోయిన నెల డోర్నకల్ దగ్గరి తండాలో ఒక అవ్వ దగ్గర అలాంటి వీపుసంచి కొన్నాను. దాని నిండా అద్దాలు కుట్టిన గుడ్డముక్కలతో అతుకులు వేసి ఉన్నాయి. వారం రోజులు కూర్చుని అవన్నీ విప్పేశాను. కింద సైన్యం ముద్ర కనబడగానే ఎగిరి గంతేశాను.

ఈ రోజు ఆ సంచిని గర్వంగా తీసుకెళ్లి అవ్వకు చూపించాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "అద్దాలేవి బిడ్డా?" అంది.

"అవన్నీ తీసేసిన అవ్వా. గిప్పుడు అసలు పాత సంచి బయటపడ్డది."

"సంచి మా ఆయన మిలిటరీల చేసినప్పటిది. ఆ గుడ్డ మా నాయినమ్మ పెండ్లి లంగాది. పాతవి కాపాడ్త అన్నవనే నీకిచ్చిన. పాతది పీకేసి కొత్తది దాసుకున్నవా?"

మళ్లీ ఆమే ఇత్తడి బకిల్ మీద వేలు పెట్టి, "గిదైతే మంచిగ మెరుస్తాంది. దేంతోని తుడిసినవ్?" అని అడిగింది.

ఆ గుడ్డముక్కలతోనే తుడిచాను. చెప్పలేక బండెక్కి వచ్చేశాను. మీరైతే ఏం చెప్పేవాళ్లు?