హోటలు నిండుకున్న రోజు

మా పెద్దమ్మని ఊరంతా సైరన్ పెద్దమ్మ అంటారు. వంటింట్లోంచి కేకేస్తే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. హోటలు పెద్దనాన్న తాతగారు పెట్టింది. ఎనిమిది బల్లలు, గోడవారగా ఒక పొడుగు బెంచీ, గల్లాపెట్టె వెనక పెద్దనాన్న. వంటింటి రాజ్యం మాత్రం పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ పెద్దమ్మదే.

ఆ వంటింట్లో ఏ గిన్నె ఖాళీ అయినా "అయిపోయింది" అనకూడదు, "నిండుకుంది" అనాలి. చాలా ఇళ్లలో అనే మాటే గానీ పెద్దమ్మ దగ్గర అది చట్టం. సబ్బు, గ్యాసు, చివరికి పెద్దనాన్న ఓపిక కూడా నిండుకోవాల్సిందే.

కిందటేడు ఆవిడ మోకాలికి ఆపరేషన్ జరిగి హోటలు కొన్నాళ్లు మూతపడింది. ఇదే అదనని పక్క బట్టల కొట్టాయన వచ్చి, "మాకు అమ్మేయండి, మధ్య గోడ తీసేసి కలిపేసుకుంటాం" అన్నాడు. కోడలు, అంటే మా వదిన, "నేను వండుతానత్తయ్యా, ఒక్కరోజు చూడండి" అని పట్టుబట్టింది. పెద్దమ్మకి వదినంటే ప్రాణం. వదిన వంటంటేనే భయం. జనం రాకపోతే సాయంత్రమే కొట్టాయనకి సరే అనేద్దామని పెద్దనాన్నతో చెప్పింది. చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడకి ముద్ద దిగలేదు.

మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పడంతో ఆ రోజు మేడమీద పెద్దమ్మకి నేను కాపలా. గది వెనక సందువైపు ఉంది కాబట్టి హాల్లో సందడి అక్కడికి వినపడదు.

"జనం వచ్చుంటారంటావా?"

"వచ్చే ఉంటార్లే పెద్దమ్మా."

"నీకేం తెలుసు, నోర్మూసుకో."

మళ్లీ కాసేపటికి అదే ప్రశ్న, అవే తిట్లు. కోపం రావలసింది నాకు, జాలేసింది.

భోజనాల వేళ ఇంకా సగం కూడా కాలేదు, వదిన మెట్లెక్కి వచ్చింది. ముఖమంతా చెమట, కళ్లనిండా నీళ్లు.

"ఎలా ఉందే కింద?"

"అంతా నిండుకుందత్తయ్యా" అని గుమ్మంలోనే భోరుమంది.

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. అంత పెందలాడే గిన్నెలు ఖాళీ అవడం ఆవిడ ఎన్నడూ ఎరగదు. అందుకని గిన్నెల సంగతి తట్టనే లేదు. ఖాళీగా ఉన్నది హాలే అనుకుంది.

"పోనీలేమ్మా, నీ తప్పేం లేదు. హోటలుకి రోజులు నిండాయి" అని, నాకేసి తిరిగి, "కొట్టాయన్ని రమ్మని చెప్పు" అంది. ఆ గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"తప్పు నాదే అత్తయ్యా! తక్కువ వండేశాను. అన్నం నిండుకుంది, కూర నిండుకుంది. జనం ఇంకా నిలబడే ఉన్నారు, ఏం చెప్పి పంపాలో తెలీట్లేదు. మామయ్యగారైతే నావంక చూడను కూడా చూడట్లేదు."

"నిలబడ్డారా? ఎక్కడ?"

"మన గుమ్మం నుంచి బట్టల కొట్టుదాకా."

పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మయ్య! ఒసే పిచ్చిదానా, దానికెవరైనా ఏడుస్తారా? పద, ఎసరు పెట్టు!" వదిన కూడా ఏడుపులోనే నవ్వేసింది.

డాక్టరు మాట గాలికొదిలేసి, చెరో భుజం పట్టి ఆవిడని దింపాం. పెద్దనాన్న చిల్లర ఇవ్వలేక సతమతమవుతున్నాడు, ఇక కోడలివంక ఏం చూస్తాడు? పెద్దమ్మ వంటింట్లో కుర్చీ వేయించుకుని, కూర గిన్నె అడుగు వేలితో గీకి నాకింది.

"నాకంటే బాగా చేశావా అంటే, లేదు. కానీ బాగుంది" అంది. ఆవిడ నోట అది బిరుదే. పెద్దనాన్నకి మాత్రం హాలంతా వినపడేలా కేకేసింది. "కొట్టాయనతో చెప్పండి, అమ్మట్లేదని. ఆకలేస్తే వరసలో నిలబడమనండి!"

రెండో విడత అన్నం ఉడికేలోపే ఆ కుర్చీలోనే తల వాల్చేసింది. ఆపరేషన్ నాటినుంచీ మాత్రలు మింగినా రాని నిద్ర, ఆ గిన్నెల మోతలో, ఆ కేకల్లో వచ్చేసింది. చిన్నగా గురక కూడా. మేమెవరమూ చప్పుడు తగ్గించలేదు. తగ్గిస్తే ఉలిక్కిపడి లేస్తుందని.